కిరాయి ఇంట్లో వేడి నీళ్లు: యంత్రం ఒకటే, లెక్కలు రెండు

సిద్దిపేటలో గదులను వెచ్చబెట్టే యంత్రాలతో ఎవరికీ పని పడదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చలి పది డిగ్రీల దాకా దిగిన రోజుల్లో కూడా దుప్పటి, స్వెటర్, తలకు మఫ్లరుతో గడిచిపోతుంది. ఇక్కడ ఇంట్లో వేడి అంటే స్నానానికి నీళ్లే. ఆ నీళ్లు కాచే వస్తువు పాడైతే దాని స్థానంలో ఏం పెట్టాలన్నది సొంత ఇంట్లో ఒక పూటలో తేలే విషయం. కిరాయి ఇంట్లో అది నెలల తరబడి నానుతుంది. గోడ ఓనరుది, మిద్దె ఓనరుది, మీటరు కూడా ఓనరు పేరు మీదే ఉంటుంది. స్నానం చేసేది, బిల్లు కట్టేది మాత్రం కిరాయికున్నవాళ్లు.

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. కలెక్టరేటు, పోలీస్ కమిషనరేటు వచ్చాయి. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. బదిలీల మీద వచ్చే ఉద్యోగులు, చదువుకునే పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనికి వచ్చినవాళ్లు పోర్షన్లలో ఉంటున్నారు. వీళ్లకు అందే సలహాలు ఒకదానికొకటి పొసగవు. ఐదు స్టార్ల గీజరు కొనమని ఒకరు, గ్యాస్ గీజరే చవకని ఇంకొకరు, సోలారే అసలు పరిష్కారమని మరొకరు, మూడు నెలల చలికి రాడ్డు చాలని పక్కింటివాళ్లు చెబుతారు. ఎవరి లెక్కా పూర్తిగా తప్పు కాదు. అయితే అందరూ యంత్రాన్నే కొలిచారు. ఆ యంత్రాన్ని ఎవరు కొంటారు, ఎవరికి మిగులుతుంది, ఇల్లు మారేటప్పుడు ఎవరితో పోతుంది అన్న లెక్క వేసినవాళ్లు తక్కువ. ఈ చర్చ ముందుకు సాగకపోవడానికి కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం.

కాగు నుంచి గీజరు దాకా

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద నీళ్ల కాగు. పెంకుటిళ్ల కాలంలో ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. కొంచెం ఉన్నవాళ్ల ఇళ్లలో మధ్యలో గొట్టం ఉండే రాగి బాయిలర్ ఉండేది. గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. పైనుంచి చల్లనీళ్లు పోస్తే కింది నల్లా నుంచి వేడి నీళ్లు వచ్చేవి. పెరడు ఉన్నన్నాళ్లు ఈ ఏర్పాటు సాగింది. పెరడు పోయి పోర్షన్లు వచ్చాయి. బాత్రూమ్ ఇంటి లోపలికి చేరింది. పొగకు, కట్టెలకు చోటు లేకుండా పోయింది.

ఆ ఖాళీని ముందు నింపింది హీటర్ రాడ్డు. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఏ గోడకూ మేకు కొట్టే పని లేదు, ఇల్లు మారితే సంచిలో వేసుకుపోవచ్చు. కిరాయి జీవితానికి ఇంతగా సరిపోయిన వస్తువు తర్వాత ఇంకోటి రాలేదు. ఆ తర్వాత నీళ్లు నిలవ ఉంచే గీజర్లు, మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లు, సిలిండరుతో నడిచే గ్యాస్ గీజర్లు, మిద్దెల మీద సోలార్ ట్యాంకులు ఒక్కొక్కటే వచ్చాయి. పాతది పోయి కొత్తది రావడం కాకుండా అన్నీ పక్కపక్కనే మిగిలాయి. ఈరోజుకీ ఒకే గల్లీలో రాడ్డు, గీజరు, సోలారు మూడూ కనిపిస్తాయి.

ఒక బకెట్ లెక్క

వాదాల్లోకి వెళ్లే ముందు చేతిలో ఒక కొలత ఉండాలి. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. చలికాలంలో నల్లా నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీలు పెంచడానికి 0.47 యూనిట్ పడుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికో బకెట్ చొప్పున నెలకు సుమారు 56 యూనిట్లు.

రాడ్డుతో కాచినా, ఐదు స్టార్ల గీజరుతో కాచినా ఈ 56 మారదు. కరెంటు తీగ నీళ్లలో మునిగి ఉన్నప్పుడు దాని వేడంతా నీళ్లకే చేరుతుంది. కాబట్టి రాడ్డు కరెంటు తాగేస్తుందన్న మాటలో నిజం లేదు. తేడా వచ్చేది కాచాక ఏం జరిగిందన్న చోట. అవసరానికి మించి కాచిన నీళ్లు, ట్యాంకులో చల్లారిన నీళ్లు, పైపులో నిలిచిపోయిన నీళ్లు, వీటికైన ఖర్చే వృథా.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒంటరిగా ఉండే ఉద్యోగి గదిలో 25 లీటర్ల గీజరు ఉంది. 60 డిగ్రీల దాకా కాగడానికి అది 1.16 యూనిట్లు తీసుకుంటుంది. అతని బకెట్‌కు కావలసింది 0.47. మిగిలిన వేడి సాయంత్రానికి గోడకు, గాలికి పోతుంది. అదే గదిలో 10 లీటర్ల గీజరు ఉంటే దాదాపు సరిగ్గా సరిపోయేది. నిలవ ఉంచే గీజర్లలో స్టార్ల కంటే లీటర్లే ముఖ్యమని ఈ ఒక్క లెక్క చెబుతుంది. దుకాణంలో మాత్రం పెద్దది తీసుకుంటే మంచిదన్న సలహానే వినిపిస్తుంది.

బకెట్ స్నానం మానేసి షవర్ కిందికి వెళ్తే ఏ యంత్రమూ ఆదుకోదు. నిమిషానికి ఎనిమిది లీటర్లు పోసే షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే మూడు బకెట్లకు పైనే అయిపోతాయి.

స్టార్లు చెప్పేది, చెప్పనిది

2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చిలో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ గీజర్లకు స్టార్లు ఇస్తుంది. స్టార్లను నమ్ముకున్నవాళ్ల ధోరణి సూటిగా ఉంటుంది. మంచి యంత్రాన్ని గుర్తించే గుర్తు ఇస్తే జనం అదే కొంటారు, దేశమంతటా కరెంటు మిగులుతుంది. ఫ్రిజ్, ఏసీల విషయంలో ఇది చాలావరకు నిజమైంది.

గీజరు స్టార్ దేన్ని కొలుస్తుందో చాలామందికి తెలియదు. కాచిన నీళ్లను రోజంతా అదే వేడిలో ఉంచితే 24 గంటల్లో ఎంత కరెంటు నష్టమవుతుందన్నదే దాని కొలత. హోటల్లోనో హాస్టల్లోనో స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండే గీజరుకు ఇది చాలా పెద్ద విషయం. పొద్దున ఇరవై నిమిషాలు వేసి, స్నానం కాగానే ఆపేసే ఇంట్లో ఒక స్టార్‌కు, ఐదు స్టార్లకు తేడా బాగా తగ్గిపోతుంది. ఇంట్లో నలుగురూ గంటకొకరు స్నానం చేసే అలవాటుంటే మళ్లీ పెరుగుతుంది. కాబట్టి స్టార్ కొనుక్కోవడం ఎంత అవసరమో ఇంటి అలవాటును బట్టి ఉంటుంది. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లు ఈ కొలతలోకే రావు. వాటిలో నిలవ అంటూ పెద్దగా ఉండదు.

ఇన్‌స్టంట్ గీజరును మెచ్చుకునేవాళ్లకు బలమైన కారణమే ఉంది. కావలసినంతే కాస్తుంది, మిగలదు, చల్లారదు. కానీ మూడు కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కిరాయి పోర్షన్లలో బాత్రూమ్‌కు లాగిన వైరు చాలాచోట్ల బల్బు కోసం లాగింది. సన్న వైరు మీద, ఎర్త్ లేని సాకెట్ మీద 13 ఆంపియర్లు మోపితే ముందు ప్లగ్ రంగు మారుతుంది, ఆ తర్వాత కరిగిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. పైగా చలికాలంలో అది నిమిషానికి రెండు లీటర్లకు మించి సరిగ్గా కాచలేదు. బకెట్ నిండడానికి తొమ్మిది, పది నిమిషాలు పడుతుంది. నల్లా పూర్తిగా తిప్పి, నీళ్లు వేడెక్కడం లేదని యంత్రాన్ని తిట్టుకునే ఇళ్లు అందుకే ఉన్నాయి.

స్టార్ల వాదం దాదాపు పట్టించుకోని సంగతి నీళ్లు. సిద్దిపేటకు మానేరు నీళ్లు తెచ్చిన పథకం పాతదే. ఆ తరహాలో రాష్ట్రమంతటికీ తలపెట్టిన మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ఇప్పుడీ జిల్లాలో ఉన్న, గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు. తాగడానికి నది నీళ్లు వస్తున్నా బాత్రూమ్ ట్యాంకు చాలా ఇళ్లలో బోరుతోనే నిండుతుంది. బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. రెండు మూడు చలికాలాలు అలాంటి నీళ్లలో పనిచేసిన గీజరు కాయిల్‌ను బయటికి తీసి చూస్తే లోహం కనిపించదు. చుట్టూ బూడిద తెలుపు పెచ్చు, గోటితో గీకితే పొరలు పొరలుగా రాలే సున్నం. లోపలి ట్యాంకు తుప్పు పట్టకుండా తనను తాను కరిగించుకునే మెగ్నీషియం కడ్డీ సన్నని పుల్లలా మిగిలి ఉంటుంది. సున్నం పేరుకున్న కాయిల్ వేడిని నీళ్లకు త్వరగా వదల్లేదు. అది లోపలే మండి ఒకరోజు తెగిపోతుంది. థర్మోస్టాట్‌ను 60 నుంచి 50, 55కు తగ్గిస్తే సున్నం పేరుకోవడం నెమ్మదిస్తుంది. ఏడాదికోసారి విప్పి కడిగిస్తే యంత్రం చాలాకాలం నడుస్తుంది. పదకొండు నెలలకు ఇల్లు ఖాళీ చేసేవాళ్లు ఆ కడిగించే ఖర్చు ఎందుకు పెట్టుకుంటారు? ఓనరుకు అది పాడైన రోజు దాకా తెలియనే తెలియదు.

గ్యాస్ వాదం

14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడి సుమారు 180 యూనిట్లకు సమానం. గ్యాస్ గీజరు అందులో ఎనభై శాతం నీళ్లకు చేర్చిందనుకుంటే ఒక సిలిండరు 310 బకెట్లు కాస్తుంది. సిలిండరు 900 రూపాయలైతే బకెట్‌కు రూ.2.90. రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద సిలిండరు 500కు పడేవాళ్లకు రూ.1.60. అయితే ఆ రాయితీ సిలిండర్ల సంఖ్య ఇంటి పాత వాడకాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వంటతో పాటు స్నానానికీ అదే రాయితీ సరిపోతుందనుకోవడం కష్టం.

పర్యావరణం వైపు నుంచి చూసేవాళ్లలో కొందరు గ్యాస్‌నే సమర్థిస్తారు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది. గ్రిడ్ నుంచి ఒక యూనిట్ వాడితే దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడినట్టు. ఆ లెక్కన కరెంటు బకెట్‌కు 330 గ్రాములు, గ్యాస్ బకెట్‌కు 140 గ్రాములు. ఇంట్లో నూటికి నూరు శాతం సమర్థంగా కనిపించే కరెంటు గీజరు, థర్మల్ స్టేషన్ దాకా వెనక్కి వెళ్లి లెక్కిస్తే అంత సమర్థం కాదు. ఇంధన పొదుపు అన్న మాటకు ఇంటి గుమ్మం దగ్గర ఒక లెక్క, బొగ్గు గని దగ్గర ఇంకో లెక్క ఉండటమే ఈ చర్చ చిక్కుపడటానికి ఒక పెద్ద కారణం. గ్రిడ్‌లో సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది.

కానీ గ్యాస్ విషయంలో అన్ని లెక్కల కంటే ముందు రావలసింది గాలి. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు మండితే లోపలి ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు గడియ పెట్టుకుని స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహ తప్పి పడిపోయి ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు దేశంలో ప్రతి చలికాలమూ వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. గ్యాస్ గీజరు బాత్రూమ్ బయట, గాలి ఆడేచోట ఉండి, వేడి నీళ్లు మాత్రమే పైపు ద్వారా లోపలికి రావాలి. కిరాయి పోర్షన్‌లో ఆ పైపు లాగడానికి గోడ పగలగొట్టాలి. అది కుదరని ఇంట్లో బకెట్‌కు ఎంత మిగిలినా గ్యాస్ గీజరు పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో రెండో ఆలోచనకు చోటు లేదు.

మిద్దె మీది ఎండ

తెలంగాణ ఎండను చూసిన ఎవరికైనా సోలార్ హీటర్ మీద నమ్మకం కలగడం సహజం. 2010లో మొదలైన జాతీయ సోలార్ మిషన్‌లో నీళ్లు కాచే సోలార్ పలకలకూ పెద్ద లక్ష్యం పెట్టారు, కేంద్రం మూడో వంతుకు దగ్గరగా రాయితీ ఇచ్చింది. 2014లో ఆ రాయితీ ఆగిపోయింది. రోజుకు వంద లీటర్ల సోలార్ హీటర్ ఏడాదికి 1,500 యూనిట్లు మిగులుస్తుందని ప్రభుత్వ ప్రచారంలో చెప్పేవారు. ఏడాది పొడుగునా వేడి నీళ్లు వాడే ఇంటికి ఆ అంకె సరిపోతుంది. సిద్దిపేటలో ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది మామూలు ట్యాంకు నీళ్లే చెయ్యి కాల్చేంత వేడిగా ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే వేడి నీళ్లు కావలసిన నలుగురి కుటుంబానికి మిగిలేది రెండు వందల పాతిక యూనిట్ల దగ్గర ఉంటుంది. పసిపిల్లలు, ముసలివాళ్లు, బాలింత ఉన్న ఇల్లయితే వేరు. అక్కడ వానాకాలంలో కూడా వేడి నీళ్లు తప్పవు.

యంత్రంగా చూస్తే రెండు రకాలు. రాగి గొట్టాలున్న పలక రకం గట్టిది, కానీ ఉప్పు నీళ్లకు గొట్టాలు మూసుకుపోతాయి. గాజు గొట్టాల రకం ఉప్పు నీళ్లను కొంత ఓర్చుకుంటుంది, విప్పి కడుక్కోవచ్చు. కోతి ఎక్కినా, రాయి పడినా గాజు పగులుతుంది. మిద్దె నుంచి కింది పోర్షన్‌కు పదిహేను మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంటే, వేడి నీళ్లు వచ్చేలోపు నాలుగైదు లీటర్ల చల్లనీళ్లు ముందు కారిపోతాయి.

అసలు అడ్డంకి వీటిలో ఏదీ కాదు. మిద్దె ఓనరుది. డబ్బు పెట్టాల్సింది ఓనరు, బిల్లు తగ్గేది కిరాయిదారుకు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో ఎల్‌ఈడీ బల్బులు కిరాయి ఇళ్లలో కూడా అంత త్వరగా వెలిగాయంటే, బల్బును విప్పి వెంట తీసుకుపోవచ్చు కాబట్టే. సోలార్ ట్యాంకు అలా రాదు.

దీన్ని బలవంతంగానైనా దాటాలన్నది కర్ణాటక ఎంచుకున్న దారి. 2007లో బెంగళూరులో కొత్త ఇళ్లకు సోలార్ హీటర్‌ను తప్పనిసరి చేశారు, బిల్లులో నెలకు 50 రూపాయల దాకా తగ్గింపు ఇచ్చారు. అక్కడ కిరాయికుంటున్న వేలాది తెలుగు కుటుంబాలు అడగకుండానే సోలార్ నీళ్లతో స్నానం చేస్తున్నాయి. ఇల్లు కట్టేటప్పుడే పైపు వేస్తే అయ్యే ఖర్చు, తర్వాత గోడ పగలగొట్టి వేసేదానికంటే చాలా తక్కువ. ఆ ఒక్క కారణానికే ఈ దారి నాకు సబబుగా తోస్తుంది.

ఇప్పుడు కొత్త వాదం ఒకటి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు 78,000 రూపాయల దాకా రాయితీ వస్తుంది. నీళ్లు కాచడం ఒక్కటే చేసే పరికరం ఎందుకు, కరెంటే తయారుచేసుకుని దానితో గీజరు నడిపితే వేసవిలో కూలరుకూ పనికొస్తుంది కదా అని ఈ వాదం. యంత్రం మాట వరకు ఇది బలమైనదే. మిద్దె మాత్రం మళ్లీ ఓనరుదే.

గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇచ్చే హీట్ పంపులు కరెంటును మూడో వంతుకు తగ్గిస్తాయి. మన వాతావరణంలో అవి బాగా పనిచేస్తాయి. ధర, బరువు, పెద్ద ట్యాంకు కారణంగా ఒక కిరాయి పోర్షన్‌కు అవి ఇంకా అందే దూరంలో లేవు.

రెండు వందల యూనిట్ల గీత

తెలంగాణలో ఈ చర్చ మొత్తాన్ని మార్చింది గృహజ్యోతి. 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. రేషన్ కార్డు ఉన్న కిరాయిదారులకూ వర్తిస్తుంది. 200 దాటితే మాత్రం ఆ నెల మొత్తం కట్టాలి.

2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్‌లో 200 యూనిట్లకు ఛార్జీ 820 రూపాయలు. 201 వస్తే స్లాబు మారి రూ.1,027 దాటుతుంది. పథకం లేని ఇంటికి ఆ ఒక్క యూనిట్ రెండు వందల రూపాయలైతే, పథకం ఉన్న ఇంటికి వెయ్యికి పైనే. కాబట్టి బకెట్ ధర అనేది ఒకటి లేదు. గీత లోపల పథకం ఉన్నవాళ్లకు సున్నా. పథకం లేకుండా రెండు వందల లోపు ఉంటే రూ.2.25. మూడు వందల వైపు వెళ్తుంటే రూ.3.60. రాయితీ లేని గ్యాస్ ఈ రెండింటి మధ్యన పడుతుంది. ఒకే గీజరు పక్కపక్క పోర్షన్లలో ఒకరికి ఉచితం, ఇంకొకరికి గ్యాస్ కంటే ఖరీదు.

గీజరు 56 యూనిట్లు వాడుతుందని భయపడేవాళ్లు ఒకటి మర్చిపోతారు. మూడు పాత ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 67 యూనిట్లు. చలికాలంలో అవి ఆగుతాయి, గీజరు మొదలవుతుంది. డిసెంబరు బిల్లు సాధారణంగా గీత దాటదు. జాగ్రత్తగా ఉండాల్సింది ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో. పొద్దున గీజరు, రాత్రి ఫ్యాన్లు రెండూ నడిచే వారాలు అవి.

ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లుండి, సబ్ మీటర్లతో పంచుకునే ఇళ్లలో ఈ లెక్కలేవీ నడవవు. అందరి యూనిట్లు కలిసి గీత దాటిపోతాయి. ఒక పోర్షన్‌వాళ్లు ఎంత పొదుపు చేసినా పక్క పోర్షన్ గీజరు వాళ్ల ఉచితాన్నీ తీసేస్తుంది. పేద ఇంటికి వెలుగిచ్చే పథకంగా గృహజ్యోతిని నేను మనసారా సమర్థిస్తాను. దాని వల్ల ఓనరుకు గాని, కిరాయిదారుకు గాని మిద్దె మీద సోలార్ పెట్టాలన్న తొందర తగ్గిన మాట కూడా అంతే నిజం.

చట్టం ఎంతవరకు

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో రెండో షెడ్యూలు చూడదగ్గది. గోడలు, సున్నాలు, పైపుల మార్పు, అవసరమైనప్పుడు వైరింగు ఓనరు పని. నల్లా వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు మరమ్మతు కిరాయిదారు పని. గీజరు పేరు విడిగా రాశారంటే తగాదా ఎక్కడ వస్తుందో రాసినవాళ్లకు తెలుసన్నమాట. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. అందరూ రాసుకునేది పదకొండు నెలల ఒప్పందం.

యంత్రం మంచిదా చెడ్డదా అన్నదాన్ని కిరాయి ఒప్పందంతో ముడిపెట్టిన దేశాలున్నాయి. ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి ఇంధన ధ్రువపత్రంలో కనీసం 'ఇ' స్థాయి లేని ఇంటిని కొత్తగా అద్దెకివ్వకూడదు. 2020 నుంచి పాత అద్దెలకూ అదే నియమం. అయితే ఓనరు పెట్టాల్సిన ఖర్చుకు 3,500 పౌండ్ల పరిమితి ఉంది. జర్మనీలో ఇంటి మెరుగుదలకైన ఖర్చులో ఏటా 8 శాతం దాకా అద్దెకు కలపవచ్చు. 2023 జనవరి నుంచి ఇల్లు ఎంత అధ్వానంగా వేడిని పోగొడితే ఇంధనం మీది కార్బన్ పన్నులో ఓనరు వాటా అంత పెరుగుతుంది. అన్నిటికంటే చెడ్డ ఇంటికి 95 శాతం ఓనరుదే. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో కిరాయికున్న తెలుగువాళ్లకు ఇవి బిల్లులో కనిపించే సంగతులు. మనకు అంత యంత్రాంగం అక్కర్లేదు. కానీ ఖర్చు పెట్టినవాడికి, బిల్లు కట్టేవాడికి మధ్య లాభాన్ని పంచే సూత్రం ఒకటి ఉండాలన్న జర్మనీ ఆలోచన ఇక్కడికీ పనికొస్తుంది.

పక్కపక్కన పెడితే

ఏడాది లోపు ఉండే ఒంటరి మనిషికి ఐఎస్ఐ గుర్తున్న 1.5 కిలోవాట్ రాడ్డు ఇంధనపరంగా తప్పేమీ కాదు. పందొమ్మిది నిమిషాల్లో బకెట్ కాగుతుంది. దాని తప్పు భద్రతలో ఉంది. ప్లగ్ తియ్యకుండా నీళ్లలో వేలు పెట్టి చూసే అలవాటు ప్రాణం తీస్తుంది. మరిచిపోతే ప్లాస్టిక్ బకెట్ కరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో అది వద్దు.

కుటుంబానికి 10 లేదా 15 లీటర్ల, రెండు కిలోవాట్ల, నాలుగైదు స్టార్ల గీజరు నా దృష్టిలో సరైన మధ్యేమార్గం. 15 లీటర్లది 60 డిగ్రీలకు ఇరవై నిమిషాల్లో కాగి, చల్లనీళ్లు కలిపితే బకెటున్నర ఇస్తుంది. లాగేది 9 ఆంపియర్ల లోపే. కిరాయిదారే కొని, పోయేటప్పుడు తీసుకుపోవచ్చు, గోడకు రెండు బోల్టులు మిగులుతాయి. 16 ఆంపియర్ల సాకెట్, సరిపడా వైరు, ఎర్త్, కరెంటు లీకైతే క్షణంలో ఆపే ఆర్‌సీసీబీ మాత్రం ఓనరు పెట్టించాలి. కొత్త గీజరు గురించి మాట్లాడేముందు ఈ నాలుగూ అడగాలి. వీటిలో ఏది లేకపోయినా ఎన్ని స్టార్లున్న యంత్రమూ ఆ ఇంటికి మంచిది కాదు.

మూడు పోర్షన్లు కిరాయికిచ్చే ఓనరుకు, ముఖ్యంగా కొత్తగా కడుతున్నవాళ్లకు, గాజు గొట్టాల సోలార్ ఒకటి ఉమ్మడిగా పెట్టి మూడు బాత్రూమ్‌లకు పైపు లాగడం లాభమే. కిరాయి కొంచెం ఎక్కువ అడగవచ్చు, గోడల మీద మూడు గీజర్ల భారం ఉండదు.

ఇంకా తేలనివి

సోలార్ హీటరా, సోలార్ కరెంటా అన్నది ధరలు మారేకొద్దీ మారుతున్న ప్రశ్న. గృహజ్యోతిలో ఒకే మీటరు కింద నలిగే పోర్షన్లకు విడి సర్వీసులు ఇచ్చే మార్గం సులువైతే గీజరు లెక్క ఒక్కసారిగా సులువవుతుంది. కానీ విడి మీటరుకు దరఖాస్తు పెట్టాల్సింది, డబ్బు కట్టాల్సింది మళ్లీ ఓనరే. జిల్లాలో పైపుల గ్యాస్ విస్తరిస్తోంది. అది పోర్షన్ల దాకా వస్తే గ్యాస్ గీజరు వాదం సిలిండరు లేకుండా మళ్లీ లేస్తుంది, గాలి సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

రోజువారీ తగాదాకు కారణమయ్యే చిన్న ప్రశ్న ఇంకొకటి. నమూనా చట్టం షెడ్యూలు ప్రకారం విద్యుత్ పరికరాల మరమ్మతే కాదు, మార్పిడి కూడా కిరాయిదారు బాధ్యతే. ఓనరు గీజరు కాలిపోయింది, కిరాయిదారు తన డబ్బుతో కొత్తది పెట్టాడు, ఏడాదికి ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. ఆ కొత్త గీజరు ఎవరిది? షెడ్యూలు పని ఎవరిదో చెబుతుంది, వస్తువు ఎవరిదో చెప్పదు. అందుకే పదకొండు నెలల ఒప్పంద పత్రంలో ఫ్యాన్లు, బల్బులు లెక్కబెట్టే పేరా కింద గీజరు ఎవరు కొన్నారు, ఎన్ని లీటర్లది, ఏ తేదీన బిగించారు, కడిగించే ఖర్చు ఎవరిది అని రెండు వరుసలు రాసుకోవాలి. తీసుకుపోతారా, తరుగు పోను మిగిలిన ధర ఓనరు అడ్వాన్సుతో పాటు తిరిగిస్తారా అన్నది కూడా అక్కడే తేల్చుకోవచ్చు.